బాబాసాహెబ్ లా ఫీజు ఎవరు కట్టిన్రు?

ఊరి చౌరస్తాల నీలం కోటు తొడుక్కొని, ఒక చేతిల పుస్తకం పట్టుకొని, ఇంకో చెయ్యి ముందుకు చాపి నిలబడ్డ విగ్రహం మనందరికీ ఎరుకే. ఏప్రిల్ 14 వస్తే దండ వేస్తం, డీజే పెడతం, ఫొటో దిగి స్టేటస్ పెడతం. అంత పెద్ద చదువు చదివిండని గొప్పగ చెప్పుకుంటం. గానీ ఆ చదువుకు పైసలు ఎక్కడియి అని మాత్రం అడగం. రాజు ఇచ్చిండట, పోయిండట, చదివిండట అని రెండు ముక్కల్ల కథ ఒడగొడతం.

నిజం అంత అల్కగ లేదు. లండన్‌ల బారిస్టర్ చదువుకు అంబేద్కర్ పేరు రాయించుకున్నది 1916 నవంబర్ 11న. పట్టా చేతికొచ్చింది 1922 జూన్ 28న. నడుమ ఐదేండ్ల ఏడు నెలలు. అందుల మూడేండ్ల పైచిలుకు ఆయన లండన్‌ల లేనే లేడు. బుర్ర లేక కాదు, పైసలు లేక. లాసెట్ల ర్యాంకు తెచ్చుకొని ఫీజు కాడ ఆగిపోయిన తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఈ లెక్క జర వివరంగ చెప్పాలనిపించింది.

మొదటి సాయం ఏ రాజు దగ్గరినుంచీ రాలే. ఇంట్లకెల్లే వచ్చింది. తండ్రి రాంజీ సక్‌పాల్ పట్టాళంల సుబేదారు. ఫౌజు బడిల పంతులుగ కూడ చేసిండు. పింఛన్ మీద ఇల్లు నడిచేది. బొంబాయి పరేల్‌ల, కూలోళ్లు ఉండే చాల్‌ల ఒక్క అర్రల సంసారం. వంటా అక్కడనే, పండుడూ అక్కడనే, చదువూ అక్కడనే. కొడుకు కొత్త పుస్తకం అడిగితే తండ్రి పెండ్లి చేసి పంపిన బిడ్డ ఇంటికి పోయి నగ అడిగి తెచ్చేటోడు. దాన్ని కుదువ పెట్టి పుస్తకం కొనేటోడు. పింఛన్ రాంగనే విడిపించి తిరిగి ఇచ్చేటోడు. బారిస్టర్ అంబేద్కర్ చదువుల తొలి స్కాలర్‌షిప్ ఏదంటే, అక్క మెడల నగ అని నేనంట. మన ఇండ్లల్ల ఎంతమంది చదువులు ఇట్ల నడువలే!

1907ల మెట్రిక్ పాసైండు. 750కి 282 మార్కులు. ఈ కాలం పిల్లలు చూస్తే గింతేనా అంటరు. గానీ అంటరానోళ్లు అని తరిమిన కులంల మెట్రిక్ గడప దాటుడే పండుగ లెక్క. ఆయనకు సన్మానం చేసిన్రు. ఆ సభల కేలుస్కర్ అనే పంతులు ఉన్నడు. మరాఠీల పుస్తకాలు రాసేటాయన. తోటల కూసొని చదువుకునే పిలగాన్ని అంతకుముందే చూసి పలకరించినోడు. తను రాసిన బుద్ధుని జీవిత చరిత్ర ఆ రోజు బహుమతిగ ఇచ్చిండు.

ఇంటర్ అయినంక రాంజీ చేతుల పైసలు అయిపోయినయి. ఇగ చదువు బందయ్యే కాడ అదే కేలుస్కర్ మళ్ల ముందుకొచ్చిండు. పిలగాన్ని వెంట తీస్కపోయి బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ముందర నిలబెట్టిండు. మహారాజు నాలుగు ప్రశ్నలడిగి నెలకు 25 రూపాయలు ఇస్తనన్నడు. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీల ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలు ఇచ్చిండు, తొడుక్కోను బట్టలూ ఇచ్చిండు. 1912ల బీఏ చేతికొచ్చింది.

మార్కులు మంచిగుంటే సాయం తనంతట తనే ఇంటి తలుపు తడుతదని మనల్ని నమ్మిస్తరు. అట్ల ఎన్నడూ కాదు. ఆ పిలగాని మార్కులు మహారాజుకు తెల్వవు. నడుమ ఒక పంతులు నిలబడ్డడు, వెంట తీస్కపోయిండు, పరిచయం చేసిండు. ఎక్కడ ఏ సాయం ఉన్నదో తెలిసినోడు ఒక్కడు లేకపోతే, ఎంత తెలివి ఉన్నా మూలకు పడి ఉంటది.

1913 జనవరిల బరోడా కొలువుల చేరిండు. చేరిన కొన్నాళ్లకే తండ్రికి సుస్తీ అని తెలిసి బొంబాయికి ఉరికొచ్చిండు. ఫిబ్రవరి 2న రాంజీ చనిపోయిండు. ఆ ఏడే మహారాజు కొంతమంది పిల్లల్ని పెద్ద చదువులకు అమెరికా పంపాలనుకున్నడు. అందుల అంబేద్కర్ ఒకడు. జూన్ 4న కాగితం మీద సంతకం చేసిండు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేండ్లు. ఆనాటి మారకంల పౌనుకు 15 రూపాయల లెక్కన నెలకు 170 రూపాయల పైన అన్నట్టు. బదులుగ ఏంది? చెప్పిన సబ్జెక్టులే చదవాలె. తిరిగొచ్చినంక పదేండ్లు బరోడా సంస్థానంల నౌకరీ చెయ్యాలె.

ఆ కాగితమే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది.

న్యూయార్క్‌ల కొలంబియా యూనివర్సిటీ చదువు గురించి చాలామంది రాసిన్రు, నేను తొందరగ దాటేస్త. 1915ల ఎంఏ అయింది. కులం ఎట్ల పుట్టింది అనే వ్యాసం 1916ల చదివిండు. వచ్చే పైసల్ల తన తిండి కోసుకొని, ఇంటికింత పంపి, మిగిలింది పెట్టి పాత పుస్తకాల దుకాణాలు తిరిగి పుస్తకాలు కొన్నడు. అక్కడ హాస్టల్‌ల ఒక పార్శీ దోస్తు దొరికిండు. పేరు నావల్ భతేనా. ఈ పేరు గుర్తు పెట్టుకోండ్రి, మళ్ల వస్తది.

1916ల అమెరికా నుంచి లండన్‌కు మారిండు. అక్కడ రెండు పడవల మీద కాళ్లు పెట్టిండు. ఒకటి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ల ఆర్థిక శాస్త్రం. రెండోది గ్రేస్ ఇన్‌ల లా. ఇన్ అంటే పూటకూళ్ల ఇల్లు అనుకోకుండ్రి. లండన్‌ల బారిస్టర్లను తయారు చేసే పాత సంఘాలు నాలుగున్నయి, అందుల ఇదొకటి. గాంధీ చదివిన ఇన్నర్ టెంపుల్ ఇంకోటి. అక్కడి చదువు మన లా కాలేజీ లెక్క ఉండదు. పరీక్షలు పాసైతే సరిపోదు. ఆ కాలంల ఏడాదికి నాలుగు టర్ముల లెక్కన పన్నెండు టర్ములు హాజరు ఉండాల్సి ఉండె. ఆ హాజరు ఎట్లంటే, ఇన్ హాల్‌ల అందరితోని కూసొని రాత్రి భోజనాలు చెయ్యాల్సి ఉండె. చేరేటప్పుడు ఫీజు, భోజనాలకు పైసలు, ఆఖరుకు పట్టా తీసుకునే రోజు పెద్ద ఫీజు. లండన్‌ల ఉండే ఖర్చు వేరే. ఉన్నోళ్ల పిల్లల కోసం కట్టిన పద్ధతి అది.

బరోడా స్కాలర్‌షిప్ లా కోసం ఇచ్చింది కాదు. మహారాజు పంపింది ఆర్థిక శాస్త్రానికి, రాజనీతికి. లా అనేది అంబేద్కర్ తనంతట తాను నెత్తిన పెట్టుకున్న బరువు. సర్కారు కొలువుల పైవాని దయ మీద బతకాలె. వకీలుకు ఆ బాధ లేదు, తన నోరు, తన పుస్తకం చాలు. అంటరాని కులంల పుట్టినోనికి ఆ తేడా ఎంతనో బరోడా కొన్ని నెలల్లనే చూపెట్టింది.

స్కాలర్‌షిప్ గడువు తీరింది. బరోడా దివాన్ తిరిగి రమ్మని కబురు పెట్టిండు. లా మొదలుపెట్టి ఏడాది నిండలే, అర్థశాస్త్రం థీసిస్ సగంల ఉంది. బతిమిలాడి లండన్ యూనివర్సిటీ నుంచి ఒక్క అనుమతి సంపాదించిండు. 1917 అక్టోబర్ నుంచి నాలుగేండ్ల లోపల తిరిగొస్తే చదువు పూర్తి చేసుకోవచ్చు. అది జేబుల పెట్టుకొని ఓడెక్కిండు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులవి. సామాన్లు వేరే ఓడల వస్తున్నయి. జర్మన్ల టార్పెడో తగిలి ఆ ఓడ మునిగింది. తిండి కోసుకొని కొన్న పుస్తకాలు సముద్రంల కలిసినయి. మునిగిన సామాన్లకు వచ్చిన నష్టపరిహారంల కొంత ఇంట్ల ఇచ్చి, మిగిలినదానితోని బరోడా రైలు టికెట్ కొన్నడు.

బరోడాల ఏమైందో ఆయనే తర్వాత రాసి పెట్టిండు. ఉండను ఎవ్వరూ అర్ర ఇయ్యలే. పార్శీల సత్రంల వేరే పేరు మీద దిగిండు. కచేరీల చప్రాసీలు ఫైళ్లను దూరం నుంచి బల్ల మీద ఇసిరేసేటోళ్లు. తాగను నీళ్లు దొరకకపోయేది. పది పన్నెండు రోజులకు కర్రలు పట్టుకొని కొంతమంది సత్రం మీదికొచ్చిన్రు. సామాన్లు సర్దుకొని పోయి తోటల చెట్టు కింద కూసున్నడు. కొలంబియాల ఎంఏ చదివొచ్చినోడు, మహారాజు పైసలతోని చదివినోడు, అదే మహారాజు ఊర్ల తల దాచుకోను జాగ లేక ఏడ్చిండు. కొలువు ఇడిచి బొంబాయి వచ్చేసిండు.

పదేండ్లు నౌకరీ చేస్తనని రాసిచ్చిండు గదా. రెండు మూడు నెలలు కూడ నిలువనియ్యలే. అయినా బాకీ మాత్రం కాగితం మీద అట్లనే ఉంది. బరోడా సర్కారు ఆ పైసలు తిరిగి కట్టుమన్నది, దాని మీద ఉత్తరాలు ఏండ్లకేండ్లు నడిచినయి. సాయాజీరావును నేను తక్కువ చెయ్య. ఆ కాలంల అట్ల ఇచ్చిన రాజులు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. గానీ ఇచ్చిన చేతికి, కాగితం రాసుకున్న కచేరీకి తేడా ఉంటది. స్కాలర్‌షిప్ ఇచ్చినోళ్లు ఉండను ఇల్లు ఇప్పియ్యలేకపోయిన్రు, నీళ్లు ఇప్పియ్యలేకపోయిన్రు. బాండ్ మాత్రం మర్చిపోలే.

బొంబాయిల ట్యూషన్లు చెప్పిండు. షేర్ల వ్యాపారం చేసేటోళ్లకు సలహాలిచ్చే దుకాణం పెట్టిండు. పెట్టింది ఫలానా కులపోడని తెలిసి గిరాకీ రాలే, దుకాణం మూతపడ్డది. 1918 నవంబర్‌ల సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్ కొలువు దొరికింది. తాత్కాలికమే. జీతం నెలకు 450 రూపాయలు. పిల్లలు పాఠం వినను ఎగబడ్డరు, తోటి ప్రొఫెసర్లు కొందరు మాత్రం స్టాఫ్ కుండల నీళ్లు ముట్టొద్దన్నరు.

450 అంటే ఆ రోజుల్ల మంచి జీతం. బంగ్లా కిరాయికి తీసుకోవచ్చు. ఆయన చాల్ ఇడువలే. ఇల్లు గడవను కట్టినంత పైసలు భార్య రమాబాయి చేతిల పెట్టేది, మిగిలింది లండన్ కోసం దాచేది. ఈ కథల రమాబాయి వాటా ఎంతో ఎవ్వరూ లెక్కగట్టరు. ఆయన అమెరికాల ఉన్నప్పుడు, లండన్‌ల ఉన్నప్పుడు ఇంట్ల ఆకలికి ఓర్చుకున్నది ఆమె. కన్న పిల్లల్ల ఒక్క యశ్వంత్ తప్ప అందరూ చిన్నతనంల పోయిన్రు. ఒకరి చదువుకు ఇంకొకరు కడుపు మాడ్చుకుంటే దాన్ని ఏ ఫెలోషిప్ పట్టికల రాయరు. హాస్టల్‌ల ఉండి చదివే పిలగాండ్లు, ఇంటికాడ కూలికి పోయే అవ్వను ఒక్కసారి యాది చేసుకోండ్రి.

1920 మార్చిల కాలేజీ కొలువు అయిపోయింది. జూలైల ఓడెక్కిండు. పైసల లెక్క చూడుండ్రి. ఒకటి, జీతంల దాచుకున్నది. రెండు, కొల్హాపూర్ మహారాజు శాహూ ఇచ్చిన సాయం. మూడు, నావల్ భతేనా దగ్గర తెచ్చిన 5,000 రూపాయల అప్పు. పేరు గుర్తు పెట్టుకోమన్న గదా, ఆ దోస్తే. ఏ ఒక్కటీ చాలది. మూడూ కలిస్తే కూడ అంతంతమాత్రమే.

లండన్‌ల ఆయన తిండి సంగతి ఆయన జీవితం రాసినోళ్లందరూ రాసిన్రు. పొద్దున ఇంటావిడ ఇచ్చే ఒక రొట్టె ముక్క, ఇంత జామ్, ఒక కప్పు టీ. పగటి తిండి లేదు. లైబ్రరీ తలుపు తెరవంగ పోయి, మూసేటప్పుడు బయటికొచ్చేటోడు. రాత్రి బాగ ఆకలైతే తెలిసినాయన ఇచ్చిన అప్పడాలు కాల్చుకొని తినేటోడు.

దానికి తోడు ఇంకో దెబ్బ. 1920 మొదట్ల రెండు షిల్లింగులు దాటిన రూపాయి, మరుసటేడుకల్లా ఒక షిల్లింగు నాలుగు పెన్నీల దగ్గరికి జారింది. లెక్క తీస్తే, రెండు షిల్లింగుల కాడ 5,000 రూపాయలంటే 500 పౌండ్లు. ఒక షిల్లింగు నాలుగు పెన్నీలకు 333 పౌండ్లే. ఇప్పుడు డాలరు పెరిగితే అమెరికాల చదివే మన పిల్లల తండ్రులకు గుండె దడ వస్తది చూడు, అదే సంగతి. విచిత్రమేందంటే, సరిగ్గ ఆ రోజుల్లనే ఆయన రాస్తున్న థీసిస్ రూపాయి విలువ మీదనే. రూపాయి పడితే ఎవని కడుపు మీద పడతదో ఆయనకు పుస్తకాలు చూసి తెలుసుకునే అక్కర లేకుండె.

1921ల శాహూ మహారాజుకు ఉత్తరం రాసిండు. లా ఫీజుకు, తిరుగు ఓడ ఖర్చుకు 200 పౌండ్లు కావాలని అడిగిండు. అడుక్కోలే. అప్పుగ ఇయ్యుండ్రి, తీరుస్త అన్నడు. మరుసటేడు మే నెలల శాహూ చనిపోయిండు. ఆ జూన్‌ల అంబేద్కర్ బారిస్టర్ అయిండు. ఇంకా పై చదువుకు జర్మనీల బాన్ పోయిండు గానీ నిలువలేకపోయిండు. పైసలు నిండుకున్నయి. 1923 ఏప్రిల్‌ల బొంబాయికి వచ్చేసిండు. థీసిస్ మార్చుమంటే ఇక్కడి నుంచే మార్చి పంపి ఆ ఏడే డాక్టరేట్ తెచ్చుకున్నడు.

బారిస్టర్ అయిండు, ఇగ కష్టం తీరింది అనుకుంటరేమో. బొంబాయి హైకోర్టుల వాదించాలంటే సన్నదు తీసుకోవాలె, దానికి ఫీజు కట్టాలె. లండన్ పట్టా ఉన్నోని దగ్గర ఆ పైసలు లేకుండె. మళ్ల భతేనానే ఇచ్చిండు. మన దగ్గర లా అయిపోయినంక బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ ఫీజుకు తిరిగే జూనియర్లకు ఈ ముచ్చట బాగ అర్థమైతది. చదువు ఖర్చు పట్టాతోని ముగియదు. పేరున్న సొలిసిటర్లు కేసులు ఇయ్యలే. కింది కోర్టుల కేసులు, పేదోళ్ల కేసులు పట్టుకొని నడిచిండు. ఇల్లు గడవను అకౌంటెన్సీ చెప్పే సంస్థల వ్యాపార చట్టం పాఠాలు చెప్పిండు. 1928ల బొంబాయి గవర్నమెంట్ లా కాలేజీల ప్రొఫెసర్, 1935ల అదే కాలేజీకి ప్రిన్సిపాల్. నలభై నాలుగేండ్ల వయసుల లా కాలేజీ ప్రిన్సిపాల్ కుర్చీల కూసున్నోని వెనుక అక్క నగ, పంతులు, ప్రొఫెసరిచ్చిన బట్టలు, ఇద్దరు రాజులు, ఒక పార్శీ దోస్తు, అప్పడాలు, రమాబాయి ఉపాసాలు ఉన్నయి.

ఇక్కడ ఆపితే ఇది కష్టపడి పైకొచ్చిన ఒక మనిషి కథ అయితది. వాట్సాప్‌ల పొద్దున్నే తిరిగే కథలు అసొంటివే. నాకు ఆయన గొప్పతనం తర్వాత చేసినదాంట్ల కనిపిస్తది. తనకు జరిగినట్ల ఇంకో పిలగానికి జరగొద్దనుకున్నడు. అంటే రాజు మనసు కరిగితేనే చదువు, దివాన్ కబురు పెడితే బంద్, ఈ పద్ధతి పోవాలె.

1924ల బహిష్కృత హితకారిణి సభ పెట్టిండు. మరుసటేడే షోలాపూర్‌ల హాస్టల్ తెరిచిన్రు. 1942ల వైస్రాయ్ కౌన్సిల్‌ల కార్మిక శాఖ మెంబర్ అయిండు. అయిన కొన్ని నెలలకే, అక్టోబర్ 29న, వైస్రాయ్‌కి పెద్ద వినతి రాసిచ్చిండు. అందుల చదువు సంగతి ఒకటి. సైన్సు, టెక్నికల్ చదువులకు ఏడాదికి 2 లక్షలు, విదేశీ చదువులకు 1 లక్ష సర్కారు ఖజానా నుంచి కావాలన్నడు. ఏడాదికి 3 లక్షలు మంజూరైనయి. 1944 నుంచి షెడ్యూల్డ్ కులాల పిల్లలకు మెట్రిక్ తర్వాతి స్కాలర్‌షిప్పులు మొదలైనయి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అని ఇయ్యాల మనం మీసేవల ఫారం నింపుతున్నం చూడు, దాని వేరు అక్కడున్నది. మన రాష్ట్రంల విదేశీ చదువులకు ఇచ్చే విద్యానిధికి ఆయన పేరే పెట్టిన్రు.

పేరు పెట్టుడు అల్కనే. పైసలు టైముకు ఇడుసుడే కష్టం. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడ్డయని మెమోలు, టీసీలు ఆపుతున్న కాలేజీలు ఎన్ని లేవు? పాసైనా సర్టిఫికెట్ లేక కొలువుకు పోలేని పిల్లలు మన ఊర్లల్లనే ఉన్నరు. అంబేద్కర్‌కు మూడేండ్లు పోయినయి, ఆయన తట్టుకున్నడు. అసొంటి పిల్లలు వెయ్యి మందిల ఎంతమంది తట్టుకుంటరు? బడ్జెట్ల రాసిన పైసలు పిలగాని చేతికి రావాల్సిన నెలల రాకపోతే, అది మళ్ల రాజు దయ కాడికే వచ్చినట్టు. అది హక్కని తెలిసినోడే దాని తేదీ అడుగుతడు. ఊర్ల ఒక్కరైనా కేలుస్కర్ పంతులు పని చెయ్యాలె. ఏ స్కాలర్‌షిప్ ఉంది, ఆఖరు తేదీ ఎప్పుడు, ఆదాయం సర్టిఫికెట్ ఎన్ని రోజుల ముందు తీసుకోవాలె, బాండ్ ఉంటే అందుల ఏం రాసి ఉంది, ఇవన్నీ పక్కింటి పిలగానికి చెప్పేటోళ్లు కావాలె.

1945ల ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిండు. 1946ల బొంబాయిల సిద్ధార్థ కాలేజీ మొదలైంది. పగలు కొలువు చేసుకుంట చదువుకునే పేద పిల్లలకు అందాలని క్లాసులు పొద్దుగాల పెట్టిన్రు. 1950ల ఔరంగాబాద్‌ల ఇంకో కాలేజీ వచ్చింది. ఔరంగాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె. 1953 జనవరిల ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఫీజు అడగని డిగ్రీలు అప్పటికి తమంతట తామే వస్తున్నయి. ఆయన మాత్రం లా కాలేజీ పని మీద ఉన్నడు. 1956ల సొసైటీ తరఫున బొంబాయిల సిద్ధార్థ లా కాలేజీ తెరిచిన్రు. ఆ ఏడు డిసెంబర్ 6న ఆయన కన్ను మూసిండు.